కట్టునప్పటి బలము
(టేకుమట్లలో పాఠకుల సభయందు చేసిన ఉపన్యాసము)



మానేటి మీద ఓడేడునకును మన గర్మిళ్లపల్లికిని నడుమ తలపెట్టిన వంతెనను గూర్చి ఈ సభలో నెవరికిని క్రొత్తగా చెప్పవలసినది లేదు. 2016లో పని ఆరంభమైనది. సుమారొక కిలోమీటరు పొడవు. దాదాపు 49 కోట్ల రూపాయల అంచనా. 2024 ఏప్రిల్ 22వ తేదీ రాత్రి ఈదురుగాలి వీచినప్పుడు స్తంభములపై నిలిపియుంచిన గర్డర్లు కొన్ని నేలగూలినవి. ఆ యేటనే ఆగస్టులో మరికొన్ని పడినవి. ఎవరి ప్రాణమును పోలేదు. దోషమెవ్వరిదని నిర్ణయించుట మా యుద్దేశము కాదు. విచారణకు ముందు తీర్పు చెప్పుట న్యాయవాద వృత్తిలోనున్న మావంటివారికి తగదు. దానినుండి మేమొక్క ప్రశ్నను మాత్రమే తీసికొనుచున్నాము.

పూర్తియైన వంతెనపై ధాన్యపు లారీలు వరుసగా పోవచ్చును. పై పలక పోసి, అడ్డుదూలములతో గర్డర్లన్నిటిని ఒక్కటిగా బిగించిన పిమ్మట మామూలు ఈదురుగాలి దానినేమియు చేయజాలదు. కాని ఆ బిగింపు పడకముందు ఒంటరిగా నిలిచిన గర్డరు సంగతి యేమి? లెక్క వేయువారు పూర్తియైన వంతెనకు మాత్రమే లెక్క వేయవలెనా, కట్టుచున్న ప్రతి దినమునకును వేయవలెనా? వస్తువునకు పూర్తియైనప్పటి బలమొకటి, కట్టునప్పటి బలమొకటి. రెండవదానిని మరచుట సులభము. ఈనాడు ప్రపంచమున ఇంజనీర్లు పెద్ద మొత్తములు వెచ్చించి వాడుకొనుచున్న ఒక తరగతి సాఫ్ట్‌వేరు ఈ రెండవ బలమును ముందుగా లెక్కించుటకే పుట్టినది. దానిని గూర్చియే నేటి మా ప్రసంగము.

ఇంత చిన్న ఊరిలో ఇంత పెద్ద విషయమేల యని కొందరు మిత్రులు మమ్మడిగిరి. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారు శాస్త్రములను తెలుగున చెప్పబూనినప్పుడును ఇట్టి ప్రశ్న పుట్టియే యుండును. వారు పుస్తకములు వేసి సమాధానము చెప్పిరి. గ్రంథాలయోద్యమ సేవకులమైన మేము ఒక గంట మాటలతో చెప్పుదుము.

త్రీడీ ముద్రణమును గూర్చి పత్రికలలో చదువుచునే యున్నాము. కొందరు దానిని ఇంద్రజాలమువలె వర్ణించుచున్నారు. మట్టిగోడ పెట్టుట చూచినవారికి అందులో వింత యేమియు లేదు. మట్టిని తొక్కి, ముద్దలు చేసి, మూరెడెత్తు వరుస పెట్టుదురు. అది ఆరువరకు ఆగుదురు. ఆరిన పిదప దానిపై మరియొక వరుస. తొందరపడి తడివరుసపై వరుస పెట్టినచో క్రిందిది పొట్ట ఉబ్బి గోడ కూలును. రాతిని తొలిచి రూపము తీయుట శిల్పి పద్ధతి. అచ్చులో పోతపోయుట కంచరి పద్ధతి. పొరపై పొర పేర్చి పెంచుట గోడ పెట్టువాని పద్ధతి. ఈ నూతన యంత్రము గోడ పెట్టువాని పద్ధతిని లోహమునకును, ప్లాస్టిక్కునకును, కాంక్రీటునకును పట్టించినది. అంతే.

లోహమును ముద్రించు విధము వినుడు. బల్లమీద లోహపు పొడిని పలుచగా పరచుదురు. ఆ పొర మందము సాధారణముగా 30 మొదలు 60 మైక్రానుల వరకు నుండును. అనగా మనము వ్రాసికొను కాగితపు మందములో సగమనుకొనుడు. కావలసిన గీతలవెంట లేజరు కిరణము పరుగెత్తును. కిరణము సోకినచోట పొడి కరగి, క్షణములో గట్టిపడును. బల్ల వెండ్రుకవాసి క్రిందికి దిగును. ఒక పలక వచ్చి మరల పొడిని పరచును. జానెడెత్తు వస్తువు పూర్తియగుటకు నాలుగువేలకు మించిన పొరలు పట్టవచ్చును. అందుకు రాత్రింబవళ్లు యంత్రము నడవవలసియుండును.

ఇచ్చటనే చిక్కు. బండిచక్రమునకు ఇనుపపట్టా వేయుట మీలో పెద్దలు చూచియుందురు. పట్టాను మంటలో ఎఱ్ఱగా కాల్చి చక్రమునకు తొడిగి నీరు పోయుదురు. ఇనుము చల్లారి కుంచించుకొని చక్రపు కొయ్యలన్నిటిని ఉడుమువలె పట్టుకొనును. ఆ బిగువు కమ్మరికి మేలు. బండి నడచునది దానివలననే. లోహముద్రణములో అదే బిగువు కీడగుచున్నది. కరగిన ప్రతి పొరయు చల్లారుచు కుంచించుకొని క్రింది పొరను లాగును. నాలుగువేల పొరలు నాలుగువేల మార్లు లాగినచో వస్తువు అంచులు పైకి లేచును, నడుము వంగును, ఒక్కొక్కప్పుడు చిట్లును. లేచిన అంచునకు పొడి పరచు పలక తగిలెనా, మూడు దినముల పని మూడవనాటి రాత్రి పాడగును. ఖరీదైన లోహపు పొడి, యంత్రపు కాలము, మనుష్యుల శ్రమ నీళ్లపాలు.

కావున ముందుగా లెక్క వేయుచున్నారు. వస్తువు రూపమును కంప్యూటరులో వేలకొలది, లక్షలకొలది చిన్న తునకలుగా విభజించి, ప్రతి తునకకును వేడి యెంత, లాగుడెంత, జరుగుడెంత యని సమీకరణములు కట్టి, అన్నిటిని ఒక్కమారుగా విడదీయుదురు. ఈ తునకల పద్ధతి విమానములకును, వంతెనలకును 1950, 1960 దశకములనుండి వాడుకలో పెరిగినదే. ముద్రణమునకు దానిని పట్టించుటలో క్రొత్తదనమేమనగా, ఇక్కడ వస్తువు ఇంకను పుట్టలేదు. లెక్క నడచుచుండగా తునకలు ఒక్కొక్క పొరగా పుట్టుచుండును. వస్తువు ఏ వైపునకు ఎంత వంగునో తేలిన తరువాత, రూపమును అంతమేర ఎదురువైపునకు ముందే వంచి యంత్రమునకిత్తురు. ముద్రించునప్పుడు అది వంగి వంగి సరియైన రూపమునకు వచ్చును. వస్తువును నిలువుగా పెట్టి ముద్రించవలెనా, ఏటవాలుగానా, ఎచ్చట ఊతకొయ్యలవంటి ఆధారములు నిలుపవలెను, లేజరు ఏ వరుసలో నడువవలెను అనునవియు ఈ లెక్కలోనే తేలును.

న్యాయవాదులు ఇష్టపడు సంగతి యొకటి యిందు గలదు. లేజరు గీచిన ప్రతి గీతను ఉన్నదున్నట్లు లెక్కించబూనినచో, ముద్రించుటకు పట్టు కాలముకంటె లెక్కకే ఎన్నోరెట్లు పట్టును. అందుచేత అనేక పొరలను కలిపి ఒక్క మందపు పొరగా భావింతురు. చిన్న నమూనాను ముద్రించి, అది యెంత కుంచించుకొన్నదో కొలిచి, ఆ కొలతను మొత్తము వస్తువునకు ఆరోపింతురు. ఈ ఉపాయము పూర్వము వెల్డింగు శాస్త్రములో జపాను పండితులు పెంపొందించినది. అనగా కంప్యూటరు చెప్పునది ప్రత్యక్షసాక్షి వాఙ్మూలము కాదు, తెలివైన అనుమానప్రమాణము. నమూనా కొలత తప్పినచో రంగురంగుల చిత్రపటము ఎంత అందముగానున్నను లెక్క తప్పే. ఆ రంగులు చూచి మోసపోవువారు చదువుకొన్నవారిలోనే ఎక్కువగా నున్నారని మా అనుమానము.

ఇది యొక పని. ఈ తరగతి సాఫ్ట్‌వేరు చేయు రెండవ పని ఇంతకంటె ముచ్చటయైనది. ఇచ్చటికి ఎంతో దూరము గాని పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి యున్నది. 2021 జూలైలో యునెస్కోవారు దానిని ప్రపంచవారసత్వ సంపదలలో చేర్చిరి. దాని విమానమునకు వాడిన ఇటుకలు సచ్ఛిద్రములై నీటిపై తేలునంత తేలికగా నుండునని మీరెరుగుదురు. గుడి అడుగున బలమైన రాయి, నెత్తిన తేలిక యిటుక. భారము మోయవలసినచోట గట్టిపదార్థము, మోయనక్కరలేనిచోట బరువు తగ్గింపు. మన పూర్వులకు కంప్యూటరు తెలియునని గొప్పలు చెప్పుకొనుట మా యుద్దేశము కాదు. అట్టి మాటలు విని మాకు విసుగు పుట్టినది. శిల్పి వివేకము నేడు గణితరూపమును ధరించినదని మాత్రమే చెప్పుచున్నాము.

ఆ గణితము కథ యిది. మిచెల్ అను ఆస్ట్రేలియా ఇంజనీరు 1904లో, ఇచ్చిన భారమును అత్యల్ప పదార్థముతో మోయు చట్రము ఎట్లుండవలెనో సూత్రీకరించెను. 1988లో బెండ్సో, కికూచి అను పండితులు దానిని కంప్యూటరు పద్ధతిగా మార్చు త్రోవ చూపిరి. ఒక దిమ్మెను ఇచ్చి, ఇచ్చట పట్టు, అచ్చట భారము, ఇంతకు మించి బరువుండరాదు అని నిబంధనలు చెప్పినచో, యంత్రము బలము ప్రవహించుచోట పదార్థమును నిలిపి, పనిలేనిచోట తీసివేయుచు పోవును. తుదకు మిగులునది ఎముకవలెనో, చెట్టుకొమ్మవలెనో యుండును. పూర్వము అట్టి రూపమును పోతపోయుటకు గాని, కోసి చేయుటకు గాని తరచుగా వీలులేక కాగితముపైననే నిలిచిపోయెడిది. ముద్రణయంత్రము వచ్చిన తరువాత ఆ రూపములకు పుట్టుక కలిగినది.

కాని జాగ్రత్త! ఈ యంత్రము పరమ విధేయుడైన సేవకుడు. మీరు చెప్పిన భారమునే అది ఎరుగును. పైనుండి లారీ బరువును మాత్రము చెప్పి, ప్రక్కనుండి వచ్చు గాలిని చెప్పుట మరచినచో, గాలికి అడ్డు నిలుచు పదార్థమును వృథాయని తీసివేయును. చెప్పని భారము దానికి లేని భారమే. మనిషి చేతితో కట్టిన పాతకాలపు కట్టడములలో తెలియకయే మిగిలిపోయిన అదనపు బలము కొంత యుండెడిది. లెక్క తప్పినను అది కాపాడెడిది. ఈ యంత్రము ఆ అదనమును మిగుల్చదు. కావున యంత్రము నేర్పరియైనకొలది ప్రశ్న వేయువాని బాధ్యత హెచ్చుచున్నది.

ఇక మన దేశములో జరిగినది చూతము. పీఎస్ఎల్వీ రాకెట్టు నాలుగవ దశలోని ఇంజనును ఇస్రోవారు ముద్రణపద్ధతికి తగినట్లు మరల రూపొందించి, 2024 మే 9న మహేంద్రగిరిలో 665 సెకనులపాటు మండించి పరీక్షించిరి. పూర్వము 14 భాగములు, ఇప్పుడు ఒక్కటే. 19 వెల్డింగు అతుకులు లేకుండపోయినవి. పూర్వపు పద్ధతిలో 565 కిలోల లోహము కావలసియుండగా ఇప్పుడు ఒక్కొక్క ఇంజనునకు 13.7 కిలోల పొడి సరిపోయినది. ఉత్పత్తికాలము నూటికి అరువది పాళ్లు తగ్గినది. హైదరాబాదులో 2018లో ఇద్దరు యువకులు, పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా, స్థాపించిన స్కైరూట్ సంస్థ 2021 నవంబరులో ముద్రితమైన క్రయోజనిక ఇంజనును పరీక్షించెను. 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి ఎగిరి 89.5 కిలోమీటర్ల ఎత్తు చేరిన వారి విక్రమ్-ఎస్ రాకెట్టులో ముద్రించిన చిన్న త్రస్టర్లుండెను.

మనకు మరింత దగ్గరి ఉదాహరణము సిద్దిపేటది. హైదరాబాదు ఐఐటీలోని ఆచార్య కె.వి.ఎల్. సుబ్రహ్మణ్యముగారి బృందము రూపకల్పన చేయగా, సింప్లిఫోర్జ్ సంస్థ కాంక్రీటుతో ముద్రించిన నమూనా కాలినడక వంతెనను 2023లో అచ్చట నిలిపిరి. బలము పారు త్రోవవెంటనే పదార్థము నడువవలెనను సూత్రముననుసరించి, కాంక్రీటును ఇనుమును తగ్గించి చేసిన రూపమది. భారపరీక్ష చేసిన పిదపనే నడకకు తగునా యని పరిశీలించిరి. ఈ క్రమమును గమనింపుడు: ముందు లెక్క, తరువాత ముద్రణ, తరువాత బరువుపెట్టి పరీక్ష, అటుపిమ్మట మనుష్యుని పాదము. ఆ సిద్దిపేట జిల్లాలోనే బూరుగుపల్లిలో మోదకాకారమున వినాయకునకు, చతురస్రముగా శివునకు, పద్మాకారమున పార్వతికి ముద్రించిన మూడు గర్భగుడులుగల ఆలయము లేచినది. కాంక్రీటు ముద్రణలో మట్టిగోడ సూత్రమే మరల ఎదురగును: క్రింది పొర గట్టిపడకముందు ఎన్ని పొరలు మోయగలదు? వంపుతిరిగిన గోపురమునకు ఈ లెక్క మరింత నిశితము.

ఇంతవరకు సంతోషమే. ఇక సంతోషింపరాని సంగతి. ఈ లెక్కలు వేయు సాఫ్ట్‌వేరులో పేరుగన్నవి చాలవరకు పరదేశ సంస్థల సొత్తు. వానిలోను మత్స్యన్యాయము నడచుచున్నది. ముద్రణలెక్కలకై పుట్టిన త్రీడీసిమ్ అను చిన్న సంస్థను 2017లో ఆన్సిస్ మ్రింగినది. ఆ ఆన్సిస్‌ను 2025 జూలైలో సినాప్సిస్ సుమారు 3,500 కోట్ల డాలర్లకు కొన్నది. రూపకల్పన లెక్కలలో ప్రసిద్ధమైన ఆల్టేరును 2025 మార్చిలో జర్మనీకి చెందిన సీమెన్స్ సుమారు 1,000 కోట్ల డాలర్లకు కొన్నది. యంత్రము మన నేలపై నుండవచ్చును. పొడి మనదే కావచ్చును. నడుపువాడు మన పిల్లవాడే. లెక్క మాత్రము అద్దెది. అద్దె యని ఏల అనుచున్నామనగా, ఇట్టి సాఫ్ట్‌వేరును మామూలుగా విక్రయింపరు. గడువుతో, షరతులతో వాడుకొను అనుమతి నిత్తురు. గడువు తీరిననాడు తలుపు మూయబడును. లోపల ఏ సూత్రము నడచుచున్నదో విప్పి చూచు హక్కు అద్దెకున్నవానికి లేదు.

పరదేశపు వస్తువు గనుక చెడ్డదని మేమనము. ఆ సాధనములు గొప్పవి. వాని నిర్మాణములో మన యువకుల చెమటయు కొంత యున్నది. మా ఆక్షేపణ వేరు. 1872 నాటి సాక్ష్యచట్టపు 45వ సెక్షను నిపుణుని అభిప్రాయమును కోర్టు వినవచ్చుననెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున అది 39వ సెక్షనైనది. సెక్షను సంఖ్య మారినను న్యాయస్థానములు పలుమార్లు చెప్పిన మాట మారలేదు: నిపుణుడు అభిప్రాయము చెప్పిన చాలదు, దానికి ఆధారములైన కారణములను ముందుంచవలెను, తుదినిర్ణయము న్యాయమూర్తిదే. మరి నిపుణుడే బోనులో నిలిచి, "సాఫ్ట్‌వేరు ఇట్లు చెప్పినది, దాని లోపలి సంగతి నాకును తెలియదు" అన్నచో క్రాస్ పరీక్ష ఎవరిని చేయవలెను? కంప్యూటరును బోనెక్కించుటకు మాకు చేతకాదు.

ప్రత్యామ్నాయము లేదని చెప్పువారున్నారు. ఉన్నది. తిరువనంతపురములోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్షకేంద్రము తునకల పద్ధతిలో కట్టడముల బలమును లెక్కించుటకు ఫీస్ట్ అను సాఫ్ట్‌వేరును స్వయముగా నిర్మించినది. పేరునకు ఆంగ్లమున విందని యర్థము. పెట్టినవారికి హాస్యప్రియత్వము లేకపోలేదు. 2023 జనవరిలో హైదరాబాదు ఐఐటీలో జరిగిన సమావేశమున దాని క్రొత్త రూపమును విడుదల చేసిరి. లోహముద్రణలోని ప్రతి వంపును ముందుగా చెప్పు సంపూర్ణసాధనమని మేము దానిని పొగడుట లేదు; పునాది మాత్రము మనది. విదేశములలోను అందరును తలుపులు మూసికొనలేదు. ఫ్రాన్సు విద్యుత్సంస్థ తన కోడ్ ఆస్టర్‌ను 2001లో లోకమునకు బహిరంగముగా నిచ్చినది. ఆ సంవత్సరముననే డెన్మార్కు ఆచార్యుడు ఓలే సిగ్మండు, పదార్థమును తగ్గించు లెక్కను 99 పంక్తులలో వ్రాసి విద్యార్థులకై ప్రకటించెను. తొంబదితొమ్మిది పంక్తులు! మన పాలిటెక్నిక్ విద్యార్థి ఒక వారము కూర్చుండి పంక్తి పంక్తి చదువవచ్చును. బొత్తాము నొక్కుట నేర్పు చదువునకును, పంక్తి చదువుట నేర్పు చదువునకును ఎంత యంతరము!

2022 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ వ్యూహములో పదార్థము, యంత్రము, పద్ధతి, సాఫ్ట్‌వేరు అను నాలుగింటను కలిపి 50 దేశీయ సాంకేతికములు పుట్టింపవలెనని వ్రాసికొనిరి. సాఫ్ట్‌వేరు పేరు అందులో నాలుగవదిగా వచ్చినది. మేమైనచో మొదట వ్రాసియుందుము. యంత్రము పదేండ్లలో పాతదగును, పొడి వాడగా తరగును. లెక్క నేర్చిన బుద్ధి తరగదు.

ఇక మన మండలమునకు రండు. ముద్రించిన వంతెన మానేటిపై రేపే లేచునని మేము చెప్పుట లేదు. కాని గర్డరైనను, ముద్రించిన పొరయైనను, మనము అడుగవలసిన ప్రశ్న ఒక్కటే. దానిని అడుగుటకు ఇంజనీరు కానక్కరలేదు. 2005 సమాచారహక్కు చట్టము రెండవ సెక్షనులోని (జె) క్లాజును చదువుడు. పత్రముల నకళ్లు పొందుట మాత్రమే కాదు, పనిని స్వయముగా తనిఖీ చేయుటయు, వాడిన పదార్థపు ధ్రువీకృత నమూనాను తీసికొనుటయు ఆ హక్కులో నున్నవి. 8వ సెక్షనులో వ్యాపార రహస్యములకు మినహాయింపున్నది. విస్తృత ప్రజాప్రయోజనమున్నచో ఆ మినహాయింపును తొలగును. సాఫ్ట్‌వేరు లోపలి సూత్రము రహస్యమని యెవరైన అనవచ్చును. అందులో మనవారు వేసిన అంకెలు, గాలివేగమెంత, వరదనీరెంత, బరువెంత యనునవి రహస్యమగుట ఎట్లో మాకు బోధపడుట లేదు.

అర్జీ తెలుగులోనే వ్రాయవచ్చును. ఎందుకు అడుగుచున్నారో చెప్పనక్కరలేదు. జవాబునకు గడువు 30 దినములు. వచ్చు ఆదివారము ఉదయము మేమును, మాతోటి సేవకులు ఇద్దరును ఇచ్చటనే కూర్చుందుము. కావలసినవారికి ఉచితముగా అర్జీలు వ్రాసియిత్తుము. గర్మిళ్లపల్లి వంతెనకు సంబంధించి మూడు ప్రశ్నలు ఇప్పటికే సిద్ధపరచితిమి: గర్డర్లను ఒక్కటిగా బిగింపకముందు గాలికి నిలుచునట్లు లెక్క వేసిరా, వేసినచో ఏ గాలివేగమును గ్రహించిరి, బిగించువరకు తాత్కాలిక పట్టుగా దేనిని నిర్ణయించిరి, ఆ లెక్కను ఏ సాఫ్ట్‌వేరుతో ఎవరు వేసిరి, చేతిలెక్కతో ఎవరు సరిచూచిరి. నాలుగవ ప్రశ్న మీరు చెప్పినచో చేర్చెదము. జిల్లా కార్యాలయమునకు రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు కార్డు నకలు తెచ్చినచో అదియు నక్కరలేదు.